పింగ్.. ఆ ఒక్క శబ్దం గోల్ఫ్‌ను మార్చేసింది! తప్పు కొట్టినా క్షమించే ఐరన్ చేసిన చెప్పుల షాపు ఇంజినీర్ కథ

గోల్ఫ్ షాపులో ఓ మాట తరచూ వినిపిస్తుంది. ఈ ఐరన్ సెట్ మీ తప్పుల్ని క్షమిస్తుందని సేల్స్‌మన్ చెప్తాడు. ధర అడిగితే మాత్రం గుండె ఆగినంత పనవుతుంది. మన దేశంలో ఓ కొత్త ప్రీమియం ఐరన్ సెట్ లక్ష రూపాయలు దాటుతుంది. ఇనుప కర్ర తప్పుల్ని క్షమించడమేంటి? దానికి అంత రేటేంటి?

ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒక మనిషి జీవితంలో దొరుకుతుంది. ఆయన పేరు కార్‌స్టెన్ సోల్‌హైమ్. నార్వేలో పుట్టారు. అమెరికాలో చెప్పులు బాగు చేశారు. ఇంటింటికీ తిరిగి వంట పాత్రలు అమ్మారు. యుద్ధ విమానాల ఇంజినీర్ అయ్యారు. 42 ఏళ్ల వయసులో తొలిసారి గోల్ఫ్ మైదానంలో అడుగుపెట్టి, బంతిని గుంతలో వేయలేక తంటాలు పడ్డారు. ఆ తంటాల్లోంచి పుట్టిందే పింగ్ కంపెనీ. ఇవాళ ప్రపంచంలో ఏ బ్రాండ్ ఐరన్ తీసుకున్నా, అది కొత్తవాళ్ల కోసం చేసిందైతే చాలు, దాని వెనక ఆయన ఆలోచన కనిపిస్తుంది.

ఫీజు కట్టలేక ఆగిన చదువు

1911 సెప్టెంబర్ 15న నార్వేలోని బెర్గెన్ ఓడరేవు పట్టణంలో కార్‌స్టెన్ పుట్టారు. రెండేళ్ల పిల్లాడిగా ఉన్నప్పుడే కుటుంబం అమెరికాకు వలస వెళ్లి సియాటెల్‌లో స్థిరపడింది. తండ్రిది చెప్పులు కుట్టే పని. పిల్లాడు కూడా ఆ షాపులోనే తోలు, మేకులు, అరిటెల మధ్య పెరిగాడు.

కానీ మనసంతా ఇంజినీరింగ్ మీదే. యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో మెకానికల్ ఇంజినీరింగ్‌లో చేరారు. సరిగ్గా అప్పుడే అమెరికాను మహా మాంద్యం ముంచేసింది. చేతిలో డబ్బుల్లేవు. ఏడాదికే కాలేజీ వదిలి మళ్లీ చెప్పుల పనికే రావాల్సి వచ్చింది. 1936లో లూయీస్ క్రోజియర్‌ను పెళ్లి చేసుకున్నారు. ఆ తర్వాత జీవితంలో ఏ మలుపు చూసినా ఆమె పేరు లేకుండా ఉండదు.

ఇల్లు గడవడానికి అల్యూమినియం వంట పాత్రలు అమ్మారు. ఇంతలో రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. విమాన కంపెనీలకు ఇంజినీర్లు కావాల్సి వచ్చింది. కార్‌స్టెన్ ఆ టైంలో స్పెషల్ కోర్సులు చదివి, శాన్ డియాగోలోని రయన్ ఏరోనాటికల్ కంపెనీలో చేరారు. అక్కడ ఫైర్‌బాల్ అనే యుద్ధ విమానం మీద పని చేశారు. డిగ్రీ పూర్తి కాలేదు గానీ ఇంజినీర్ కల మాత్రం అలా నెరవేరింది.

1953లో జనరల్ ఎలక్ట్రిక్‌లో ఉద్యోగం దొరికింది. అక్కడ రాడార్ల నుంచి టీవీల దాకా పని చేశారు. పాత టీవీ సెట్ మీద కుందేలు చెవుల్లా రెండు కడ్డీలు నిలబడి ఉండేవి గుర్తుందా? పోర్టబుల్ టీవీ కోసం ఆ యాంటెన్నాను తీర్చిదిద్దే పనిలోనూ ఆయన చెయ్యి ఉంది.

నలుగురిలో ఒకడు తక్కువైతే పిలిచారు

జనరల్ ఎలక్ట్రిక్‌లో తోటి ఉద్యోగులు గోల్ఫ్ ఆడేవాళ్లు. నలుగురి జట్టులో ఒకరు తక్కువైతే కార్‌స్టెన్‌ను రమ్మన్నారు. అప్పటికి ఆయన వయసు 42. ఆటలో ఓనమాలు తెలియవు.

గోల్ఫ్ చూడనివాళ్లకు ఓ ముక్క. దూరం కొట్టడానికి డ్రైవర్, మధ్య దూరాలకు ఐరన్లు, చివర్లో గుంత దగ్గర బంతిని మెల్లగా దొర్లించడానికి పుట్టర్ వాడతారు. కార్‌స్టెన్‌కు మిగతావి ఎలాగోలా వచ్చాయి. పుట్టర్ మాత్రం లొంగలేదు. నాలుగడుగుల దూరంలో గుంత కనిపిస్తున్నా బంతి పక్కకే పోయేది.

చాలామంది ఇలాంటప్పుడు తమను తామే తిట్టుకుంటారు. ఈయన మాత్రం చేతిలో ఉన్న పనిముట్టును అనుమానించారు. అప్పటి పుట్టర్ల తల సన్నటి రేకులా ఉండేది. బంతి సరిగ్గా మధ్యలో తగిలితే సరే. కొంచెం అటో ఇటో తగిలిందా, తల మెలితిరిగి బంతి దారి తప్పేది.

క్రికెట్ ఆడినవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. కార్క్ బాల్ బ్యాట్ మధ్యలో పడితే చేతికి ఏమీ తెలియదు. అంచుకు తగిలితే మాత్రం బ్యాట్ చేతిలోనే తిరిగిపోయి మణికట్టు దాకా జిల్లుమంటుంది.

అసలు కిటుకు ఇదే

ఆయన పట్టుకున్న కిటుకు చాలా సింపుల్. బరువును మధ్యలో పెట్టకుండా రెండు చివర్లకు నెట్టేయాలి. అంతే.

కావడి మోసేవాళ్లను చూస్తే సంగతి తెలుస్తుంది. ఉత్త బద్దను భుజం మీద పెట్టుకుంటే చిటికెన వేలితో గిర్రున తిప్పేయొచ్చు. అదే రెండు చివర్లకూ నిండు కుండలు వేలాడదీస్తే? తిప్పాలంటే ఒళ్లంతా బలం పెట్టాలి. గోల్ఫ్ క్లబ్ తలలోనూ ఇదే లెక్క. బరువు చివర్లలో ఉంటే బంతి పక్కకు తగిలినా తల తేలిగ్గా తిరగదు. బంతి దాదాపు అనుకున్న దారిలోనే వెళ్తుంది. గోల్ఫ్ భాషలో దీన్నే క్షమించడం అంటారు.

1959లో కాలిఫోర్నియాలోని రెడ్‌వుడ్ సిటీలో, ఇంటి గ్యారేజీలో కార్‌స్టెన్ తొలి పుట్టర్ చేశారు. బంతిని తాకగానే అది పింగ్ అని మోగింది. ఆ శబ్దాన్నే పేరుగా పెట్టేశారు. ఉద్యోగం చేస్తూనే సాయంత్రాలు, సెలవు రోజులు గ్యారేజీలో గడిపారు. ఇంటిల్లిపాదీ చెయ్యి వేశారు. లెక్కలు లూయీస్ చూసుకుంటే, కొడుకులు మెషీన్ల దగ్గర నిలబడ్డారు.

1961లో ఉద్యోగం బదిలీ అయ్యి కుటుంబం ఆరిజోనాలోని ఫీనిక్స్‌కు మారింది. 1966 జనవరిలో కొత్త పుట్టర్ ఆలోచన రాగానే చేతికి దొరికిన గ్రామఫోన్ రికార్డు కవర్ మీదే బొమ్మ గీసేశారు. దానికి ఆన్సర్ అనే పేరు సూచించింది లూయీస్. పుట్టర్ మీద అక్షరాలు పట్టకపోవడంతో స్పెల్లింగ్‌లోంచి ఒక అక్షరం తీసేయమన్న ఐడియా కూడా ఆమెదే. ఆ డిజైన్‌ను ఆ తర్వాత లోకమంతా కాపీ కొట్టింది. టైగర్ వుడ్స్ ఎన్నో మేజర్ టైటిళ్లు గెలిచిన పుట్టర్ వేరే కంపెనీదే అయినా, దాని రూపురేఖలు ఈ కుటుంబానివే.

1967లో కార్‌స్టెన్ ఉద్యోగానికి గుడ్‌బై చెప్పేశారు. వయసు 55. చాలామంది రిటైర్మెంట్ లెక్కలు వేసుకునే టైంలో ఆయన కార్‌స్టెన్ మాన్యుఫాక్చరింగ్ కార్పొరేషన్ మొదలుపెట్టారు.

పుట్టర్ అయింది.. ఐరన్ల వంతు వచ్చింది

అప్పటిదాకా మంచి ఐరన్ అంటే సుత్తితో కొట్టి సాగదీసిన మెత్తటి ఉక్కు. పల్చగా, నున్నగా కత్తిలా మెరిసేది. అందుకే దాన్ని బ్లేడ్ అనేవాళ్లు. చూడటానికి బాగుండేది. మధ్యలో కొడితే వెన్నలా తగిలేది. కానీ రోజూ వందల బంతులు కొట్టే ప్రొఫెషనల్‌కు తప్ప మామూలు ఆటగాడికి అది నరకం. వారానికోసారి మైదానానికి వచ్చే ఉద్యోగికి బంతి ప్రతిసారీ మధ్యలో ఎక్కడ తగులుతుంది?

కార్‌స్టెన్ ఐరన్ వెనక భాగాన్ని తొలిచేశారు. అక్కడ మిగిలిన లోహాన్ని తల చుట్టూ అంచులకు పంచేశారు. ఇలాంటి తలను సుత్తితో కొట్టి చేయడం కష్టం. అందుకే పోత పద్ధతి ఎంచుకున్నారు. ముందు మైనంతో బొమ్మ చేస్తారు. దాని మీద పింగాణీ లాంటి పూత పొరలు పొరలుగా వేస్తారు. వేడి చేస్తే మైనం కరిగి బయటికి పోతుంది. ఆ ఖాళీలోకి కరిగిన స్టెయిన్‌లెస్ స్టీల్ పోస్తారు.

ఈ పద్ధతి ఉత్తర తెలంగాణకు కొత్తేం కాదు. ఆదిలాబాద్ అడవుల్లో ఓజాలు తరతరాలుగా డోక్రా బొమ్మలు చేసేది ఇలాగే. మట్టి అచ్చు మీద మైనం తీగలు చుట్టి, పైన మట్టి పూసి, కాల్చి, మైనం పోయిన చోట ఇత్తడి నింపుతారు. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. అక్కడ దేవతల బొమ్మలు, ఇక్కడ గోల్ఫ్ క్లబ్బులు. సూత్రం మాత్రం ఒక్కటే.

1969లో కార్‌స్టెన్ 1 పేరుతో ఐరన్ సెట్ మార్కెట్లోకి వచ్చింది. చూసినవాళ్లు ముక్కు విరిచారు. మెరుపు లేదు. వెనక గుంత. కత్తిలాంటి అందం మచ్చుకైనా లేదు. కానీ కొట్టి చూసిన మామూలు ఆటగాళ్ల అనుభవం వేరేలా ఉంది. పక్కకు తగిలినప్పుడు చెయ్యి జిల్లుమనడం తగ్గింది. ముందు 20 గజాలు తక్కువ పడే దెబ్బ ఇప్పుడు గ్రీన్ దరిదాపుల్లోకి వస్తోంది.

చెప్పు సైజు చూసిన కన్ను

చెప్పుల షాపులో పెరిగినవాడికి ఒక సంగతి బాగా తెలుస్తుంది. ఇద్దరి పాదాలు ఒకేలా ఉండవు. కార్‌స్టెన్ క్లబ్బుల విషయంలోనూ అదే పట్టు పట్టారు. పొడుగు మనిషికీ పొట్టి మనిషికీ ఒకే కోణంలో ఉన్న ఐరన్ ఎలా సరిపోతుంది? తల నేలకు ఆనే కోణం తేడా వస్తే ఎంత బాగా కొట్టినా బంతి కుడికో ఎడమకో పోతుంది.

అందుకే 1972లో రంగుల చుక్కల చార్ట్ తెచ్చారు. ఎత్తు చూసి, నేల నుంచి మణికట్టు ఎంత దూరంలో ఉందో కొలిచి, ఆటగాడికి ఏ కోణం కావాలో తేలుస్తారు. దాన్నిబట్టి ఐరన్ వెనక ఓ రంగు చుక్క పడుతుంది. ప్రతి సెట్‌కూ సీరియల్ నంబర్ ఉంటుంది.

రేటు ఎందుకు ఎక్కువో ఇక్కడే తెలుస్తుంది. కొలత తీసుకోవాలి. ఆర్డర్ వచ్చాక సెట్ కట్టాలి. పోత పోసిన తల బరువులో తేడా రాకూడదు. షాపులు డిస్కౌంట్ పోటీకి దిగి కొలత పని వదిలేయడం కంపెనీకి ఇష్టం లేదు. ఫలితం.. మామూలు ఆటగాడి కష్టం తీర్చడానికి పుట్టిన వస్తువు, మామూలు ఆటగాడు కొనేముందు రెండుసార్లు ఆలోచించే వస్తువైంది. ఈ విమర్శ పింగ్‌ను ఎప్పుడూ వదల్లేదు.

ఇంకో విమర్శ కూడా ఉంది. తప్పు కొడితే చేతికి తెలియాలని, అప్పుడే ఆట మెరుగవుతుందని బ్లేడ్ అభిమానుల వాదన. నొప్పి తెలియకపోతే తప్పు దిద్దుకునేదెప్పుడు? అందులోనూ నిజం లేకపోలేదు. బరువు అంచుల్లో పెడితే తల మెలి తిరగడం తగ్గుతుంది గానీ, వంకర స్వింగ్ సరి కాదు. రేటెంత పెట్టినా ఆ పని ఏ ఐరనూ చేయదు.

కంపెనీ ప్రాణం మీదికి తెచ్చిన వెంట్రుకవాసి తేడా

1982లో పింగ్ ఐ2 వచ్చింది. గోల్ఫ్ చరిత్రలో అత్యధికంగా అమ్ముడైన ఐరన్లలో ఇది ఒకటి. కొత్తగా నేర్చుకునేవాళ్లతో పాటు ప్రొఫెషనల్స్ కూడా దీన్ని బ్యాగులో పెట్టుకున్నారు. 1989 బ్రిటిష్ ఓపెన్ గెలిచిన మార్క్ కాల్కవెక్కియా ఆడింది ఈ ఐరన్లతోనే.

ఇక్కడే అసలు ట్విస్ట్. ఐరన్ ముఖం మీద సన్నటి గాళ్లు ఉంటాయి. బంతికి స్పిన్ ఇచ్చేది అవే. పాత గాళ్లు వీ ఆకారంలో ఉండేవి. 1984లో నిబంధనలు మారి యూ ఆకారానికి దారి దొరికింది. పోత పద్ధతిలో అది తేలిక కూడా. అయితే పదునైన అంచులకు తగిలి బంతి పైతొక్క చెక్కుకుపోతోందని ఆటగాళ్లు గోల పెట్టారు. కార్‌స్టెన్ వెంటనే ఆ అంచుల్ని గుండ్రంగా మార్చేశారు.

ఆటగాళ్ల కష్టం తీర్చడానికి చేసిన ఆ చిన్న మార్పే మెడకు చుట్టుకుంది. అంచు గుండ్రంగా ఉంటే గాళ్ల మధ్య దూరాన్ని ఎక్కడి నుంచి కొలవాలి? అమెరికా గోల్ఫ్ సంఘం యూఎస్‌జీఏ తన పద్ధతిలో కొలిచి, దూరం నిబంధన కంటే తక్కువగా ఉందని తేల్చింది. తేడా వెంట్రుకవాసి. కార్‌స్టెన్ మాత్రం కొలిచే పద్ధతే తప్పన్నారు.

సంఘం భయంలోనూ అర్థం ఉంది. ఏపుగా పెరిగిన గడ్డిలోంచి బంతిని అదుపులో పెట్టి కొట్టడం గొప్ప ఆటగాడి నైపుణ్యం. అది గాళ్ల వల్లే వచ్చేస్తే ఇక నైపుణ్యానికి విలువేముంది? 1987 హోండా క్లాసిక్ టోర్నీలో కాల్కవెక్కియా దట్టమైన గడ్డిలోంచి 8 నంబర్ ఐరన్‌తో కొట్టిన బంతి గ్రీన్ మీద టక్కున ఆగిపోవడంతో ఈ చర్చ మంటెత్తింది.

కార్‌స్టెన్ కాంప్రమైజ్ అవ్వలేదు. 1989లో యూఎస్‌జీఏ మీద 10 కోట్ల డాలర్ల దావా వేశారు. ప్రొఫెషనల్ టోర్నీలు నడిపే పీజీఏ టూర్ కూడా అలాంటి గాళ్లను నిషేధించడంతో దాని మీదా కోర్టుకెళ్లారు. అప్పటికి ఆయన వయసు 78. కంపెనీ బతుకంతా ఆ ఒక్క సెట్ మీదే ఉంది. ఆటగాడి తప్పును క్షమించే క్లబ్ చేసిన మనిషి, కొలతల దగ్గర మాత్రం ఒక్క వెంట్రుక కూడా వదులుకోలేదు.

1990 జనవరిలో యూఎస్‌జీఏతో రాజీ కుదిరింది. అప్పటికే అమ్ముడైన ఐ2లు చెల్లుతాయి. ఇకపై చేసేవాటిలో గాళ్ల కొలత మారుస్తారు. పీజీఏ టూర్‌తో కేసు 1993లో ముగిసింది. టూర్ నిషేధాన్ని వదులుకుంది. లక్షలమంది తమ పాత సెట్లను అటకెక్కించే అవసరం లేకుండా పోయింది.

మహిళల గోల్ఫ్‌కు కప్పు

కోర్టుల గొడవ నడుస్తున్న ఆ 1990లోనే సోల్‌హైమ్ కుటుంబం ఇంకో పని చేసింది. అమెరికా, యూరప్ మహిళా ప్రొఫెషనల్స్ మధ్య సోల్‌హైమ్ కప్ మొదలైంది. తొలి పోటీ ఫ్లోరిడాలోని లేక్ నోనాలో జరిగింది. మగవాళ్లకు రైడర్ కప్ ఎలాగో, ఆడవాళ్లకు ఇది అలాగ. పుట్టింది యూరప్‌లో, బతికింది అమెరికాలో కాబట్టి ఆ కప్పులో రెండు జట్లూ ఆయనవే అనుకోవచ్చు.

1995లో కంపెనీ పగ్గాలు కొడుకు జాన్‌కు అప్పగించారు. పార్కిన్సన్స్ వ్యాధితో బాధపడుతూ 2000 ఫిబ్రవరి 16న ఫీనిక్స్‌లో కన్నుమూశారు. వయసు 88. మరుసటి ఏడాది ప్రపంచ గోల్ఫ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయన పేరు చేర్చారు.

పోయాక కూడా ఆగని చర్చ

ఆయన పోయిన పదేళ్లకు మళ్లీ ఆ గాళ్ల గొడవే. 2010లో కొత్త నిబంధనలొచ్చాయి. పదునైన గాళ్లున్న క్లబ్బులు పెద్ద టోర్నీల్లో చెల్లవు. కానీ పాత రాజీ వల్ల 1990 ఏప్రిల్‌కు ముందు చేసిన ఐ2లకు మాత్రం మినహాయింపు ఉంది. ఫిల్ మికెల్సన్ లాంటి స్టార్ ఇరవై ఏళ్ల నాటి ఐ2 వెడ్జ్‌ను బయటకు తీసి ఆడటంతో రచ్చ మొదలైంది. చివరికి జాన్ సోల్‌హైమ్ ఆ మినహాయింపును ప్రొఫెషనల్ టోర్నీల వరకు వదులుకోవడంతో గొడవ సద్దుమణిగింది. రెండు దశాబ్దాల కిందటి ఐరన్ కోసం ప్రపంచ స్థాయి ఆటగాడు అటక వెతుక్కున్నాడంటే, అది ఎంత గట్టి పనో వేరే చెప్పక్కర్లేదు.

ఈ కథలో మన తెలుగు పేరూ ఒకటుంది. సాహిత్ తీగల. తల్లిదండ్రులు హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లారు. 2023 సెప్టెంబర్‌లో కాలిఫోర్నియాలోని నాపాలో ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిచి సాహిత్ తొలి పీజీఏ టూర్ టైటిల్ అందుకున్నాడు. ఆయన బ్యాగులో ఉండేది పింగ్ క్లబ్బులే.

రామగుండం ప్లాంట్‌లోనో, సింగరేణి వర్క్‌షాపులోనో పనిచేసే ఫిట్టర్‌ను అడిగితే ఓ మాట చెప్తాడు. మంచి మెషీన్ అంటే పొరపాటు జరగదని నమ్మి చేసింది కాదు. పొరపాటు జరిగినా మనిషికి దెబ్బ తగలకుండా చేసింది. కార్‌స్టెన్ సోల్‌హైమ్ గోల్ఫ్‌లో చేసిందీ అదే. అందరూ ఛాంపియన్ చేతుల్ని చూసి క్లబ్ చేస్తుంటే, ఆయన మాత్రం 42 ఏళ్లకు ఆట మొదలుపెట్టి నాలుగడుగుల బంతిని మిస్ చేసిన తనలాంటి వాళ్ల చేతుల్ని చూసి చేశారు.

ఇప్పుడు పింగ్ ఒక్కటే కాదు, పెద్ద బ్రాండ్లన్నీ వెనక గుంత ఉన్న ఐరన్లు అమ్ముతున్నాయి. రేట్లు మాత్రం దిగిరాలేదు. అయితే ఆయన కాలంలో అమ్ముడైన ఐ2 సెట్లు సెకండ్ హ్యాండ్‌లో కొత్తవాటి రేటులో చిన్న వంతుకే దొరుకుతాయి. వెనక ఉన్న రంగు చుక్క మీ ఎత్తుకు సరిపోతుందో లేదో చూసుకుంటే చాలు. నలభై ఏళ్లు దాటినా, మధ్యలో తగలని బంతిని అవి ఇప్పటికీ అంతే ఓపికగా క్షమిస్తున్నాయి.